89 రొయ్యలు, ఒక వెర్షన్ నంబరు

పోయిన నెల కాకినాడలో పదిహేను ఇరవై మంది ప్రోగ్రామర్లు కూడుకున్న ఒక చిన్న సమావేశంలో ఒక కుర్రవాడు చెప్పిన మాట నన్ను ఇంకా వదలలేదు. "వెర్షన్ నంబరు మీద మనిషి చెయ్యి పడకూడదండీ. కమిట్ సందేశాలు చదివి నంబరు వేయవలసిందీ, విడుదల చేయవలసిందీ యంత్రమే" అన్నాడు. కమిట్ సందేశమంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పుకూ ప్రోగ్రామరు జతచేసే చిన్న వివరణ. సభలో తలలు ఊగాయి, వాటిలో నాదీ ఒకటి. ఎదుర్లంక దగ్గర గౌతమిని, బోడసకుర్రు దగ్గర వైనతేయను, చించినాడ దగ్గర వశిష్ఠను దాటి తిరుగు బస్సు భీమవరం చేరేలోపు మాత్రం, ఆ మాటలో సగం నేను ప్రాణం పెట్టి సమర్థించేదనీ, మిగతా సగం గత ఏడాది మా కార్యాలయానికి బాగా ఖరీదుగా తగిలినదనీ స్పష్టమైంది. ఆ రెండు సగాలనూ విడదీయడానికే ఇది రాస్తున్నాను.

కాటా మీద సగం

మేము నలుగురం కలిసి రొయ్యల వ్యాపారులకు, చెరువుల రైతులకు లెక్కల ప్రోగ్రాములు రాస్తాము. మా ప్రోగ్రాములన్నింటికీ గుండెకాయ, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక చిన్న లైబ్రరీ, అంటే మిగతా ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్. దాని పని కౌంటు కట్టడం. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. కౌంటు తగ్గితే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. పట్టుబడి నాడు చెరువు గట్టు మీద రెండు కిలోల నమూనా తూచి, అందులోని రొయ్యలను లెక్కపెట్టి, రెండుతో భాగిస్తారు. 90 వస్తే 45 కౌంటు. 89 వస్తే 44.5. ఈ సగాన్ని ఏం చేయాలన్నదే ఈ వ్యాసంలోని కష్టమంతా.

మొదటి నుంచీ మా లైబ్రరీ సగాన్ని పైకే తోసేది. అందుకోసం అరను కలిపి దశాంశ భాగాన్ని కత్తిరించే పాతకాలపు వాక్యం ఒకటి అందులో ఉండేది. మా కుర్రవాడు ఒకడు దాన్ని చూసి, భాషలోనే రౌండ్ అనే ఫంక్షన్ ఉండగా ఈ మోటు వాక్యం ఎందుకని మార్చాడు. తప్పు పట్టదగిన ఆలోచన కాదు. అయితే పైథాన్ మూడో తరంలో ఆ ఫంక్షన్ సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరలో ఉన్న సరి సంఖ్యకు పోతుంది. 45.5 అయితే 46 అవుతుంది గాని, 44.5 అయితే 44 అవుతుంది. మా పరీక్షల్లో ఉన్న సగాలు రెండే, 45.5, 47.5. రెండూ పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ ఒకే జవాబు ఇస్తాయి. పరీక్షలన్నీ పచ్చగా నెగ్గాయి.

ఇక్కడ యంత్రం ప్రవేశించింది. కమిట్ సందేశం ఏ మాటతో మొదలవాలో చెప్పే కన్వెన్షనల్ కమిట్స్ పద్ధతి మేము పెట్టుకున్నదే. సందేశం మొదట కొత్త సౌకర్యమని చెప్పే ఫీట్ ఉంటే మూడంకెల వెర్షన్ నంబరులో నడిమి అంకె పెరుగుతుంది, దిద్దుబాటని చెప్పే ఫిక్స్ ఉంటే చివరి అంకె పెరుగుతుంది, చేసే పని మారకుండా కోడ్‌ను చక్కదిద్దామని చెప్పే రీఫ్యాక్టర్ ఉంటే అసలు విడుదలే జరగదు. నిజానికి మా కుర్రవాడి మార్పుకు తగిన పేరు రీఫ్యాక్టర్. ఆ పేరు పెడితే విడుదల కాదు, విడుదల కాకపోతే తన పని ఎవరికీ చేరదు. అందుకని ఫిక్స్ అని రాశాడు. సందేశం చదివి విడుదల చేసే సెమాంటిక్ రిలీజ్ అనే పనిముట్టు ఆ మాటను నమ్మింది. 2.4.6 ఆ సాయంత్రానికి 2.4.7 అయింది, ట్యాగ్ పడింది, ప్యాకేజీ మా సర్వర్‌కు చేరింది. ఎవరూ ఒక మీట నొక్కలేదు, ఎవరూ ఒక వాక్యం చదవలేదు.

ఫోను యాప్‌కు లెక్క అందించే సర్వర్, చివరి అంకె మాత్రమే పెరిగిన వెర్షన్లను తనంతట తానే తీసుకుంటుంది. ఒక వ్యాపారి కార్యాలయంలో బిల్లులు కట్టే ప్రోగ్రాము మాత్రం 2.4.6 దగ్గరే కట్టేసి ఉంది. కాబట్టి చెరువు గట్టు మీద ఫోనులో 44 కనిపించింది, బిల్లులో 45 పడింది. 11 రోజుల తర్వాత ఒక రైతు ఫోనులో తీసుకున్న ఫొటోనూ, చేతిలో బిల్లునూ పట్టుకుని వ్యాపారి దగ్గరకు వెళ్లాడు. "గట్టు మీద నలభై నాలుగన్న రొయ్య మీ ఆఫీసుకొచ్చేసరికి చిక్కిపోయిందా అండీ?" అని అడిగాడట. కౌంటుకు కౌంటుకు మధ్య కిలోకు రెండు మూడు రూపాయల తేడా ఉంటుంది. నాలుగు టన్నుల పట్టుబడిలో అది పది పన్నెండు వేల దాకా పోతుంది. అలాంటి బిల్లులన్నీ ఏరి, ఆ తేడాను మేమే భరించాము.

ఆ తేడా ఎంత మందికి తగిలిందో మొదట పోల్చుకోలేకపోయాను గాని, లెక్క సులువే. రెండు కిలోల నమూనాలో రొయ్యల సంఖ్య బేసి అయిన ప్రతిసారీ సగం వస్తుంది, అలాంటి వాటిలో సుమారు సగం కొత్త పద్ధతిలో కిందికి పోతాయి. అంటే నాలుగింట ఒక పట్టుబడి. దానికి మేము వేసిన అంకె, ప్రపంచంలో అన్నింటికన్నా చిన్నదైన మార్పుకు వేసే అంకె.

అయినా పాత రోజులు వద్దు

ఈ కథ విన్న మిత్రులు కొందరు, "అందుకే యంత్రానికి అప్పగించకూడదు" అంటారు. నేను ఆ పక్షం కాదు. యంత్రం లేని రోజులు నాకు బాగా గుర్తు. బియ్యం మిల్లులకు ప్రోగ్రాము రాసిన తొలి ఏళ్లలో పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని తణుకు, పాలకొల్లు, అత్తిలి తిరిగేవాణ్ని. 1.8 అని పేరున్న ప్రోగ్రాము మూడు మిల్లుల్లో మూడు రకాలుగా ఉండేది. ఎందుకంటే ప్రతి మిల్లులోనూ గుమాస్తా ఎదుట కూర్చుని చిన్న దిద్దుబాటు చేసి, నంబరు మార్చడం మరచి లేచి వచ్చేవాణ్ని. ఒకసారి 2.9 తర్వాత 2.10 తీసుకువెళితే ఒక గుమాస్తా గారు దాన్ని ఎక్కించనివ్వలేదు. "రెండు పాయింటు ఒకటి కన్నా రెండు పాయింటు తొమ్మిదే కదండీ పెద్దది, పాతది తెచ్చి అంటగడతారేంటి" అన్నారు. వెర్షన్‌లోని చుక్క దశాంశ బిందువు కాదని ఆయనకు చెప్పడానికి నాకు ఒక టీ పట్టింది. యంత్రాలకూ ఈ జబ్బు ఉందని తర్వాత తెలిసింది. పైథాన్ 3.10 వచ్చినప్పుడు, యామిల్ అనే సెట్టింగుల ఫైళ్లలో కొటేషన్ గుర్తులు లేకుండా దాన్ని రాసినవాళ్లకు అది 3.1గా చదవబడి ఎన్నో బిల్డులు ఆగిపోయాయి. గుమాస్తా గారి మీద నాకున్న చిన్నచూపు ఆ రోజుతో పోయింది.

చేత్తో విడుదల చేయడంలోని ప్రమాదం మా మిల్లులకే పరిమితం కాదు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల వ్యాపార సంస్థలో కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లకు ఎక్కించవలసి ఉండగా ఏడింటికే ఎక్కించారు. మిగిలిన ఒక్కదానిలోని పాత కోడ్ ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాములో 2024లో బయటపడిన దొంగదారి మరో పాఠం. 5.6.0, 5.6.1 వెర్షన్ల విడుదల కట్టలో ఉన్న ఒక బిల్డ్ స్క్రిప్టు, అందరూ చూసే గిట్ రిపాజిటరీలో లేనే లేదు. విడుదల కట్టను ఒక మనిషి తన దగ్గర తయారు చేసి పైకి ఎక్కించగలిగినంత కాలం, అందరూ చదివే మూలానికీ అందరూ దించుకునే ప్యాకేజీకీ మధ్య ఒక చీకటి గది ఉంటుంది. కాబట్టి ట్యాగ్ వేయడం, కట్ట కట్టడం, సంతకం చేయడం, పంపిణీ చేయడం, ఇవన్నీ యంత్రం చేయవలసిందే. ఈ విషయంలో కాకినాడ కుర్రవాడితో నాకు వెంట్రుకవాసి భేదం కూడా లేదు.

భేదమంతా ఒక్క చోటే ఉంది. ఆ నంబరు ఎక్కడి నుంచి వస్తుంది?

నంబరు పేరు కావచ్చు, తేదీ కావచ్చు

అన్ని నంబర్లూ ఒకే పని చేయవు. మా డెల్టాలో 7029 అంటే చిన్న పిల్లవాడికి కూడా అది స్వర్ణ వడ్లని తెలుసు. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029 అది. ఆ తర్వాత అదే కేంద్రం నుంచి 1010 వచ్చింది, 1121 వచ్చింది. 7029 కన్నా 1121 చిన్న సంఖ్య కాబట్టి పాత రకమని ఏ రైతూ అనుకోడు. అది పేరు, అంతే. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల నంబరు తేదీ. 2006 ఏప్రిల్‌లో రావలసిన 6.04 జూన్‌కు వాయిదా పడితే 6.06 అని పేరు మార్చుకుని వచ్చింది. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ 2.6.39 తర్వాత 2011లో 3.0 అయినప్పుడు, పెద్ద మార్పేమీ లేదని, అంకెలు మరీ పొడుగైపోయాయని దాన్ని సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా చెప్పారు. ఈ మూడింటిలోనూ ఎవరూ ఎవరికీ మాట ఇవ్వడం లేదు, కాబట్టి మాట తప్పడమూ లేదు.

మేము వాడే మూడంకెల పద్ధతి, సెమాంటిక్ వెర్షనింగ్, అలా కాదు. చివరి అంకె మాత్రమే మారితే నీ పని చెడదని అది వాడుకరికి మాట ఇస్తుంది. వరి రకాల్లోనే అలాంటి మాటకు ఉదాహరణ కావాలంటే స్వర్ణ సబ్-1 ఉంది. మునకను తట్టుకునే ఒక జన్యువును పాత స్వర్ణలోకి తెచ్చి, తిరిగి తిరిగి స్వర్ణతోనే సంకరం చేసి, మిగతా గుణాలన్నీ పాత స్వర్ణవే ఉండేలా తీర్చిన రకం అది. రెండు వారాల దాకా నీట మునిగినా బతికే గుణం కొత్తది, దిగుబడీ పంటకాలమూ పాతవే. పాత పేరు ఉంచి వెనక ఒక తోక తగిలించారు. అలా తగిలించే హక్కు వాళ్లకు రావడానికి ముందు, మిగతావన్నీ మారలేదని పొలంలో కొలిచి చూశారు.

మేము 2.4.7 అన్నప్పుడు ఏమి కొలిచాము? ఏమీ కొలవలేదు. ఒక కుర్రవాడు రాసిన నాలుగు అక్షరాలను చదివాము.

ధవళేశ్వరం గేజీ

మా మావయ్య గారిది వశిష్ఠ పాయలో ఒక లంక గ్రామం. వరద రోజుల్లో అక్కడ ఇంటింటా వినిపించే అంకెలు మూడు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు చేరితే రెండోది, 17.75కు చేరితే మూడోది. 2022 జులైలో మూడో హెచ్చరిక కూడా దాటినప్పుడు నేను ఫోను చేస్తే ఆయన అప్పటికే పశువులను ఏటిగట్టు మీదకు తోలి, ధాన్యం బస్తాలు అటక ఎక్కించి, నిదానంగా మాట్లాడుతున్నారు.

ఇది నా వాదానికి ఎదురుగా నిలిచే ఉదాహరణ అని ఒప్పుకోవాలి. ఆ హెచ్చరికలో ఎవరి అభిప్రాయమూ లేదు. గేజీ చూపిన మట్టమే హెచ్చరిక. ఫలానా అధికారికి ఈసారి అంత ప్రమాదం అనిపించలేదు కాబట్టి రెండో హెచ్చరిక ఇవ్వలేదు అంటే లంకల వాళ్లు ఆ వ్యవస్థను మర్నాటి నుంచి నమ్మరు. మనిషి చెయ్యి పడకపోవడమే దాని బలం. కాకినాడ కుర్రవాడు చెప్పదలచుకున్నదీ ఇదే అయి ఉండాలి.

చించినాడ వంతెన మీద నాకు తట్టినదేమిటంటే, కమిట్ సందేశం గేజీ కాదు. అది పైనున్న ఊరి నుంచి ఎవరో ఫోను చేసి, ఇవాళ ఏరు మామూలుగానే ఉందని చెప్పడం లాంటిది. చెప్పినవాడు మంచివాడే కావచ్చు, నిజమే అనుకుని చెప్పవచ్చు. అది అతని ఉద్దేశం, నీటి మట్టం కాదు. ఉద్దేశాన్ని చదివి యంత్రం అంకె వేస్తే, మనిషి చెయ్యి పడలేదని అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. మనిషి చెయ్యి పడింది, కాకపోతే అందరికన్నా ముందుగా, ఎవరూ చూడని చోట, పని ముగించి ఇంటికి పోదామన్న తొందరలో పడింది.

నిజమైన గేజీలు కొన్ని ఉన్నాయి. ఎల్మ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్యాకేజీ ప్రచురించేటప్పుడు పాత ఫంక్షన్ల రకాలనూ కొత్తవాటి రకాలనూ యంత్రమే పోల్చి, నంబరు ఎంత పెరగాలో తేలుస్తుంది, రచయిత మాట అడగదు. రస్ట్ భాషలో కార్గో సెమ్‌వర్ చెక్స్ అనే పనిముట్టు దాదాపు ఇదే పని చేస్తుంది. ఇవి నాకు ఎంతో ఇష్టమైన పనిముట్లు. అయితే మా కౌంటు ఫంక్షన్‌ను వాటికి చూపిస్తే ఏమంటాయి? ముందూ సంఖ్య తీసుకునేది, సంఖ్య ఇచ్చేది. ఇప్పుడూ అంతే. మార్పేమీ లేదంటాయి. రకం మారలేదు, విలువ మారింది. గూగుల్‌లో ఇంజనీరుగా పనిచేసిన హైరమ్ రైట్ పేరు మీద చెప్పుకునే సూత్రం ఈ చోటే కాపు కాసి ఉంటుంది. వాడేవాళ్లు తగినంత మంది ఉంటే, నువ్వు మాట ఇచ్చినా ఇవ్వకపోయినా, నీ ప్రోగ్రాము చేసే ప్రతి పనినీ ఎవరో ఒకరు నమ్ముకుని ఉంటారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సెమాంటిక్ వెర్షనింగ్ నియమాల్లో మొట్టమొదటిది, నీ ప్రోగ్రాము బయటివాళ్లకు ఏమి హామీ ఇస్తుందో ముందు ప్రకటించమని. మేము కౌంటు కడతామని రాశాము గాని, సగం ఎటు పోతుందో ఎక్కడా రాయలేదు. అక్షరాలు పట్టుకుని వాదిస్తే, ఇవ్వని మాటను మేము తప్పలేదు, 2.4.7 సరైన నంబరే. ఈ వాదం నేను ఆ రైతు ముందు చేయగలనా అని ఆలోచిస్తే నోరు రాలేదు.

పెంచవచ్చు, తగ్గించరాదు

మేము ముందుగా చేసింది మాకంటూ ఒక గేజీ కట్టుకోవడం. వ్యాపారులు అనుమతించినంత మేరకు పాత పట్టుబడి చీటీలను, పేర్లు తీసేసి, పోగు చేశాము. లైబ్రరీలో ఏ మార్పు జరిగినా ఆ చీటీలన్నింటినీ కొత్త కోడ్‌తో మళ్లీ కట్టిస్తాము. ఒక్క చీటీలో ఒక్క అంకె మారినా, కమిట్ సందేశం ఏమని ఉన్నా సరే, పాతదానితో పొసగకపోవచ్చని చెప్పే మొదటి అంకెనే యంత్రం పెంచుతుంది. దాన్ని ఫిక్స్ అని పిలిచి కిందికి దించే అధికారం నాతో సహా ఎవరికీ లేదు. 2.4.7 మీద ఈ గేజీని నడిపి చూస్తే మొదటి నిమిషంలోనే ఎర్రబడింది.

రెండో భాగం మావయ్య గారి నుంచి నేర్చుకున్నది. ఆయన రెండో హెచ్చరిక దాకా ఎప్పుడూ ఆగరు. తన పాక ఉన్న చోటు పల్లమని ఆయనకు తెలుసు, గేజీకి తెలియదు. మొదటి హెచ్చరికకే పశువులను కదుపుతారు. 1986 వరద చూసిన మనిషి. అంతేగాని, 13.75 దాటిందని విన్నాక "ఈసారికి పర్వాలేదులే" అనడం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. మా విడుదల పైప్‌లైన్‌లో ఇప్పుడు అదే ఏర్పాటు ఉంది. యంత్రం చెప్పింది కనీసం. మనిషి దాన్ని పెంచవచ్చు, తగ్గించరాదు.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. పెంచడానికి అడ్డు లేకపోతే భయస్థులు ప్రతిదాన్నీ పెంచుతారు, మొదటి అంకె నెలకొకసారి మారుతుంది, పులి వచ్చే నాన్నా పులి కథలోలాగా చివరికి ఎవరూ పట్టించుకోరు. ఇది గట్టి అభ్యంతరమే. వరుసగా మొదటి అంకె మారే మేజర్ వెర్షన్లు వదిలే ప్యాకేజీలను నేనూ పాతదాని దగ్గర కట్టేసి మరచిపోతుంటాను. మేము పెట్టుకున్న అడ్డు ఒక్కటే. నంబరు పెంచాలనుకున్నవాడు, ఈ మార్పు వల్ల వాడుకరికి ఏమి తేడా కనిపిస్తుందో ఒక్క తెలుగు వాక్యంలో, రైతుకో గుమాస్తాకో అర్థమయ్యేలా రాయాలి. రాయలేకపోతే పెంచకూడదు. ఈ ఒక్క వాక్యాన్ని యంత్రం చేత రాయించబోమని కూడా అనుకున్నాము. కమిట్ సందేశాలను వరుసగా పేర్చి మార్పుల జాబితా అని పిలవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. వంటింట్లో ఏ గిన్నె ఎప్పుడు పొయ్యి మీద పెట్టారో చెప్పి భోజనం వడ్డించానన్నట్టు ఉంటుంది.

ఈ వాక్యం నియమం మొదటి పరీక్ష మా మీదే జరిగింది. గొడవ జరిగిన ఉదయమే కంగారులో పాత వాక్యాన్ని తిరిగి పెట్టి 2.4.8 వదిలాము. ఒకసారి వాడిన నంబరును మళ్లీ వాడకూడదు గనుక 2.4.7 మా ప్యాకేజీల జాబితాలో తప్పు వెర్షన్ అన్న గుర్తుతో అలాగే పడి ఉంది. కొన్నాళ్లకు, ఈ సగం సంగతిని ఇకనైనా హామీగా రాసిపెట్టాలని తలచి, మా కుర్రవాణ్నే ఆ వాక్యం రాయమన్నాను. గంటన్నర కూర్చుని వచ్చాడు.

"సార్, సగం వస్తే పైకి తోస్తామని రాస్తే, ప్రతిసారీ ఆ సగం వ్యాపారికి పోతుందని రాసినట్టే కదండీ?"

నేను జవాబు చెప్పలేకపోయాను. 44.5ను 45 చేస్తే రైతుకు ధర తగ్గుతుంది. 45.5ను 46 చేసినా తగ్గుతుంది. ఇన్నేళ్లూ ప్రతి బేసి నమూనాలోనూ మేము సగాన్ని ఒకే వైపు ఒంపుతూ వచ్చాము, అలా చేయాలని ఎవరూ నిర్ణయించకుండానే. సరి సంఖ్యకు పోయే పద్ధతిని లెక్కలవాళ్లు కనిపెట్టిందే ఆ ఒంపు పోగుపడకుండా ఉండడానికి. మేము తప్పని గుర్తు వేసిన 2.4.7 లోని లెక్క, మేము తిరిగి పెట్టిన దానికన్నా ధర్మమైనది కావచ్చు. దాని తప్పంతా చెప్పకుండా రావడంలోనే ఉంది.

ఈ ప్రశ్నను ఇద్దరు వ్యాపారుల ముందూ, ఐదారుగురు రైతుల ముందూ పెట్టాము. ఒక వ్యాపారి, సగాన్ని అలాగే ఉంచి సగం ధర కట్టమన్నారు. ఇంకొకరు ఇన్నాళ్లూ నడిచిందే నడవనివ్వమన్నారు. రైతుల్లో ఒకాయన రెండు కిలోల బదులు నాలుగు కిలోలు తూస్తే పోలేదా అన్నారు. అప్పుడు సగాలే కాదు, పావులూ వస్తాయని మా కుర్రవాడు ఆయనకు కాగితం మీద వేసి చూపిస్తున్నాడు. 3.0.0 అన్న నంబరు మా పలక మీద రాసి ఉంది, దాని కింద వాక్యం ఖాళీగా ఉంది.